రెండు కుర్చీలు తెచ్చుకోండి

ఎదురింటి అక్కకి, బావగారికి, పై అంతస్తు పెద్దమ్మగారికి ఈ పోస్టు. ఎదురుగా చెప్పబోతే "చాల్లే" అని మాట మార్చేస్తారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మేం ఈ ఇంటికి మారిన తొమ్మిదో రోజే పండగ. వంటసామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. ఫోన్లో అమ్మతో "ఇక్కడంతా బాగుందమ్మా" అని చెప్పి, పెట్టేసి, ఊరికే కూర్చున్నాను. అప్పుడు అక్క తలుపు కొట్టింది. "మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఏమీ తేవద్దు. రెండు కుర్చీలు మాత్రం తెచ్చుకోండి, మా దగ్గరున్నవి సరిపోవు." ఊరికే రమ్మంటే ఏదో వంక చెప్పి తప్పించుకునేవాళ్లం. కుర్చీలు తక్కువయ్యాయంటే మోసుకెళ్లక ఏం చేస్తాం?

ఆ ఏడాది మేం అతిథులమే. లేవబోతే కూర్చోమన్నారు. మరుసటి ఏడాది వంటగదిలోకి రానిచ్చారు గానీ ఏ గరిటె ఎక్కడుందో అడగాల్సి వచ్చేది. మూడో ఏడాది ఆలస్యంగా వెళ్లామని పెద్దమ్మగారు అందరి ముందూ తిట్టారు. మా ఆయన మొహం మాడ్చుకున్నారు గానీ, నాకు మాత్రం లోలోపల ఎంత సంతోషమో! పరాయివాళ్లని ఎవరూ అలా తిట్టరు.

అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ కొత్త చోటికి మారినవాళ్లని కూడా అడిగి, 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. దగ్గరి స్నేహితులు కావాలంటే 200 గంటలకు పైనే కలిసి గడపాలట. ఒకేచోట పనిచేసిన గంటలు అంతగా లెక్కలోకి రావట, కబుర్లు చెప్పుకుని నవ్వుకున్నవే పనికొస్తాయట. నిజమే అనిపించింది. మూడేళ్లుగా ఆఫీసులో నా పక్క సీట్లో ఉన్నావిడ పిల్లల పేర్లు నాకు తెలీవు. మీ ఇంట్లో ఎవరికి ఉప్పు తగ్గించాలో మాత్రం తెలుసు.

ఈసారి పండగకి పది రోజుల ముందు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. "ఈ ఏడాదికి రాలేం అక్కా" అని మెసేజ్ పెడితే జవాబు లేదు. పండగ పొద్దున్నే గిన్నెలతో, పిల్లలతో సహా అందరూ మా ఇంట్లో దిగారు. అక్క నన్నేమీ అడక్కుండానే సొరుగు లాగి కత్తి తీసుకుంది. నా కట్టుకాలు కింద దిండు పెట్టి, తరగాల్సినవన్నీ ఒళ్లో పెట్టి, "చేతులు బాగానే ఉన్నాయిగా" అంది.

కాలు విరిగిన రోజు నుంచీ రెండు పూటలా వచ్చిన క్యారేజీకి, పిల్లాణ్ణి రోజూ స్కూల్లో దింపినందుకు, రాత్రిళ్లు నాకు టెన్షన్‌గా ఉందంటే వచ్చి కూర్చున్నందుకు థాంక్స్.

అన్నట్టు, ఆ రోజు బావగారు రెండు కుర్చీలు మోసుకొచ్చారు. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా. మావే! మొదటి పండగనాడు తీసుకెళ్లినవి, మళ్లీ అడగనేలేదు. రాత్రి వెళ్తూ వాటిని తిరిగి వాళ్లింటికే పట్టుకెళ్లిపోయారు.