రోజుల లెక్క

అమ్మలూ,

శాశ్వత నివాస కార్డు ఫోటో చూశాం. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను మాత్రం కింద నువ్వు రాసిన మాట దగ్గర ఆగిపోయాను: "ఇక నేనూ ఇక్కడిదాన్నే నాన్నా."

కార్డును పెద్దది చేసి చూశాను. పైన 'శాశ్వత' అని ఉంది, అడుగున గడువు తేదీ ఉంది! పాస్‌పోర్టుకూ గడువుంటుంది కదా అంటావు. నిజమే. అసలు చిక్కు గడువుతో కాదు, గైర్హాజరుతో. కెనడాలో అయితే ఐదేళ్లలో కనీసం 730 రోజులు అక్కడ ఉండాలి. లేకపోతే శాశ్వత నివాసం చేజారవచ్చు. పౌరుడు ఇరవై ఏళ్లు కనిపించకపోయినా, తిరిగి వచ్చి తలుపు తడితే మామూలుగా తీయాల్సిందే. నివాసి రోజులు లెక్కపెట్టుకుంటాడు, పౌరుడికి ఆ లెక్క ఉండదు.

నేనూ పరాయి దేశంలో పదకొండేళ్లు నివాసినే. ఒక పోలింగ్ రోజున పక్కింటి పెద్దావిడను కారులో బూత్ దాకా తీసుకెళ్లాను. ఆవిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్లింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తిరిగి వచ్చి, "నువ్వు వెయ్యవా?" అని ఆశ్చర్యంగా అడిగింది. పన్ను కట్టించుకునేటప్పుడు మాత్రం ఎవరూ నా పాస్‌పోర్టు రంగు చూడలేదు.

అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదులే. న్యూజిలాండ్‌లో 1975 నుంచి శాశ్వత నివాసులు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేస్తున్నారు. పోటీ చేయాలంటే మాత్రం పౌరసత్వం ఉండాలి. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం చాలా హక్కులను మనుషులందరికీ ఇచ్చింది. ఓటు దగ్గరికి, అంటే 25వ అధికరణానికి వచ్చేసరికి, 'ప్రతి పౌరుడు' అంది. ఆ ఒక్క పదం తేడాకే నేను బల్ల మీద కూర్చున్నాను.

పౌరసత్వమూ ఊరికే రాదు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను లెక్కలు అడుగుతుంది.

పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఏది ఎంచుకున్నా ఒక నోటు పుస్తకం పెట్టుకుని, దేశం దాటిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ రాసుకో. అధికారులు ముందు అడిగేది అదే. మా దగ్గర గడిపిన రోజులు కూడా గైర్హాజరు కిందే పడతాయి. అయినా సెలవులకు రా.

నాన్న