పాతరలో నాన్న

ఒరేయ్ శీనూ,

నీకు జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం, ఎండలు మాడ్చేస్తున్నాయి, జీడిమామిడి ఈసారి అంతంతమాత్రం, చెల్లికి బాబు పుట్టాడు, అమ్మ విశాఖలో వాళ్లింట్లోనే ఉంది. ఇక అసలు సంగతి విను. మీ అమ్మగారికి మాత్రం చెప్పకు, ఆవిడకి తెలిస్తే మా అమ్మకి చేరడానికి అరగంట చాలు.

నాన్న ఇంటి కింద దొంగచాటుగా గది కట్టేశాడు!

నవ్వకు. రిటైరయ్యాక ఆయనకి వీణల పిచ్చి పట్టింది కదా, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనివాళ్ల దగ్గర కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు చేస్తే ఏకాండి వీణే చేస్తాడట, ఒక్క పనస దుంగలోంచి తొలిచేది. కుర్చీ నిలబెట్టడం చేతకాని మనిషి! (నీ నడుము ఎలా ఉందిరా?) ఆ కుర్చీ గొడవ తర్వాతే కదా, ఇంట్లో ఉలి కనిపిస్తే బావిలో పారేస్తానంది అమ్మ.

అమ్మ బస్సెక్కిందో లేదో, నాయనమ్మ గుట్టు విప్పింది. ధాన్యం గది గచ్చు కింద తాతల నాటి పాతర ఉందట, ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు అందులోంచే వడ్లు తీసేవారట. బండ లేపగానే నాన్న లుంగీ ఎగ్గట్టాడు. "ఏటిరా బావూ, దీపం దించకుండా దిగిపోతావేటి?" అని ముసల్ది ఒక్క అరుపు అరిచింది. లాంతరు తాడుకి కట్టి వదిలితే సగంలోనే రెపరెపలాడి ఆరిపోయింది. అడుగున కుళ్లిన గింజలు, గడ్డి ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అది బరువుగా కిందే పేరుకుంటుంది. దిగినవాడికి కేక వేసే వ్యవధి కూడా ఉండదు. ఆవిడ అక్కడ లేకపోతే... వద్దులే. తర్వాత దీపం నిలిచినా నమ్మకుండా బ్లోవర్ పెట్టి గాలి మార్చాకే దిగాం.

మా మేస్త్రి మంచివాడు, నోరు మెదపడు. పునాది అడుగు కంటే ఎంత లోతుకి వెళితే గోడకి కనీసం అంత దూరంలో ఆగాలన్నాడు, లేకపోతే గోడ కింద మట్టి జారి ఇల్లు మన నెత్తిమీదే కూర్చుంటుందట. అందుకే గది చిన్నది, మధ్యలో ఉంది, చుట్టూ ఇనుము వేసి కాంక్రీటు గోడ. 2014లో హుద్‌హుద్ వానలకి బావిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు చూసి నేల దానికి పైనే ఆపారు. గాలికి రెండు గొట్టాలు, ఒకటి కింది నుంచి, ఒకటి కప్పు దగ్గర నుంచి, పైకి వచ్చేది తులసికోట వెనక దాచాం. షాక్ కొడితే కరెంటు ఆగిపోయే బ్రేకర్ నేనే పెట్టించాను. తవ్విన మట్టి రాత్రిళ్లు మామిడి పాదుల్లోకి మోశాం, పక్కింటాయన ఏంటని అడిగితే నాన్న ఏదో వ్యవసాయ ఉపన్యాసం ఇచ్చాడు, ఆయన నిద్రపోయాడు, మన కంపోస్టు మాస్టారి క్లాసే.

పాతర మూత మీద మంచం, మంచం మీద నాయనమ్మ. ఎవరైనా వస్తే ఆవిడ వక్కలు దంచడం మొదలుపెడుతుంది, కింద ఉలి ఆగుతుంది.

ఒక్కటే చిక్కు. పనస చెక్క పసుపురా! కనుబొమ్మలు, చెవులు, మీసం, మనిషంతా పసుపే. మొన్న ఎవరో చూస్తే నాయనమ్మ తడుముకోకుండా "పసుపు దంచుతున్నాడమ్మా" అనేసింది. అమ్మ దగ్గర అది చెల్లదు, పసుపు డబ్బా ఎంత నిండుగా ఉందో ఆవిడకి కళ్లు మూసుకున్నా తెలుసు. ఇంకా పెద్ద సందేహం, దుంగ అయితే నిలువుగా దిగింది గానీ, బుర్ర, మెట్లు అన్నీ బిగించాక వీణ ఆ మూతిలోంచి బయటికి ఎలా

ఒరేయ్, ఆటో ఆగింది. అమ్మే! రేపు కదా రావాల్సింది! నాయనమ్మ దంచుతోంది గానీ కింద ఉలి ఆగట్లేదు, చెవిలో దూది పెట్టుకున్నాడు కాబోలు. పరిగెత్తాలి, మళ్లీ రాస్తా