జీతం బకాయిల క్లెయిమ్: గడువు చూసుకోండి

అందరికీ నమస్కారం.

మన పాత కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైనట్టు పేపర్లో ప్రకటన వచ్చింది. జీతం రావాల్సిన ప్రతి ఒక్కరూ ఫారం-డి (ఉద్యోగుల క్లెయిమ్ ఫారం) నింపి, ప్రకటనలో పేరిచ్చిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (దివాలా ప్రక్రియ నడిపే వ్యక్తికి) పంపాలి. మెయిల్ చేసినా చాలు.

చివరి తేదీ ప్రకటనలోనే ఉంది. మామూలుగా 14 రోజులే. ప్రక్రియ మొదలైన 90 రోజుల దాకా ఆలస్యంగా పంపొచ్చు, అదీ దాటితే కారణం చెప్పుకోవాలి. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి.

కోర్టుకెళ్దాం అంటున్నవాళ్లకి: మారటోరియం (దివాలా ప్రక్రియలో కంపెనీ మీద కేసులకు ఉండే తాత్కాలిక నిలుపుదల) ఉన్నంతకాలం కంపెనీ మీద కొత్త దావా కుదరదు.

"మీ లెక్కలన్నీ మా దగ్గర ఉన్నాయిలే" అని కంపెనీవాళ్లు చెప్పే మాటలు వినొద్దు, ఫారం పంపాల్సిందే.

పంపినవాళ్లు ఇక్కడ "పంపాను" అని పెట్టండి. గ్రూప్‌లో లేనివాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, ప్లీజ్.