పేరు తీసేస్తే సరిపోదు

సంపాదకులు గారికి,

మా చిన్నమ్మకు చాలా ఏళ్లుగా సోరియాసిస్. కిందటేడు ఒక ఆసుపత్రిలో కొత్త మందు మీద జరుగుతున్న పరిశోధనలో చేరింది. మోచేతుల మీద పొలుసులు రాలి చర్మం తేటపడుతుంటే ఇంటిల్లిపాదీ సంతోషించాం. వెళ్లినప్పుడల్లా అక్కడ ఫొటోలు తీసేవాళ్లు. వాటిని వరుసగా పేర్చి, మందు ఎంత బాగా పనిచేస్తోందో చెబుతూ ఆన్‌లైన్‌లో వీడియో పెట్టారు. పేరు లేదు, కళ్ల మీద నల్లపట్టీ వేశారు. ముంజేతి మీద పచ్చబొట్టు మాత్రం అలాగే ఉంది. కింద వయసు, మండలం, పాలు అమ్ముకుంటుందన్న సంగతీ రాశారు.

ఆ వీడియో సాయంత్రానికల్లా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. చిన్నమ్మకు రెండు ఎనుములే ఆధారం. తెల్లారి చెంబులు పట్టుకుని వచ్చేవాళ్లలో సగం మంది రాలేదు. సోరియాసిస్ అంటుకునే జబ్బు కాదు. తాకినా రాదు, ఆ చేత్తో పితికిన పాలు తాగినా రాదు. ఈ మాట ఇంటింటికీ తిరిగి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో అడిగితే "పేరు పెట్టలేదు కదండీ, సంతకం కూడా ఉంది" అన్నారు. ఆ సంతకం పరిశోధనలో చేరడానికి పెట్టింది. వీడియో మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. తర్వాత తీసేశారు గానీ, ఫోన్లలోకి ఎక్కింది ఎవరు తీస్తారు?

రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటోలు, కేసు వివరాలు అనుమతి లేకుండా పత్రికల్లో ప్రచురించకూడదని భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. గుర్తింపు బయటపడకపోతే అనుమతి అక్కర్లేదనీ అందులోనే ఉంది. చిక్కంతా అక్కడే. గుర్తుపట్టలేరని తేల్చేది ఎవరు? నగరంలో కూర్చుని చూసేవాళ్లకు అది ఒట్టి చెయ్యి. మా పల్లెల్లో నడకను బట్టి కూడా మనిషిని పోల్చుకుంటారు.

పరిశోధనలు ఆగాలని నేను అనడం లేదు. ఆ మందు వల్లే చిన్నమ్మ రాత్రిళ్లు దురద లేకుండా నిద్రపోతోంది. ఫలితాలు పదిమందికీ తెలియాల్సిందే. అందుకు మచ్చ ఉన్నంత మేర చర్మం చూపిస్తే చాలు, మండలం, వృత్తి ఎందుకు? బయట పెట్టేముందు ఆ ఫొటోనో వీడియోనో రోగికే చూపించి, ఎవరెవరు చూస్తారో తెలుగులో విడమరిచి చెప్పి, విడిగా అనుమతి తీసుకోవాలి. వద్దంటే వైద్యంలో తేడా రాదని కూడా చెప్పాలి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పరిశోధనలు చేసే ప్రతి ఆసుపత్రిలోని ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) దీన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

పోయిన వారం ఫొటో తీస్తామంటే చిన్నమ్మ చేతిని కొంగుతో కప్పేసుకుంది. నిజానికి ఆ ఫొటో వాళ్ల పరిశోధనకు కావాల్సిందే. నేను ఎంత చెప్పినా "వద్దు నాయనా" అంది.

(ఆమెను అడిగే ఇదంతా రాశాను. నా పేరు వేస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది, దయచేసి వేయకండి.)

– ఒక పాఠకుడు, కడప జిల్లా