ఈ ఏడాది ఆటల కంటే సంచి గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం (వార్షిక నివేదిక)

మన రోల్‌ప్లేయింగ్ ఆటల సంఘం సభ్యులందరికీ నమస్కారం. నివేదిక రాయమన్నప్పుడు ఎన్ని ఆటలు ఆడాం, ఎంతమంది వచ్చారు అని లెక్క రాసేద్దామనే కూర్చున్నాను. కానీ రిజిస్టర్ తిరగేస్తుంటే ఒక సంగతి కనిపించింది: ఆట రద్దయిన ఆదివారాల్లో చాలావాటికి ఆడేవాళ్లు లేకపోవడం కారణం కాదు, ఆడించేవాళ్లు "ఈ వారం నావల్ల కాదు" అనడం. ఎందుకంటారు? సామానంతా మోసేది వాళ్లే కదా. అందుకే ఈసారి నివేదికలో ముప్పావు వంతు సంచి గొడవే, ఓపిక పట్టండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం ఎక్కువగా ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. ఆడించే మనిషి (గేమ్ మాస్టర్) కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్రై, డైస్ వేసి ఏం జరిగిందో తేల్చుకునే ఆట. దాని మూడు ముఖ్య పుస్తకాలూ గట్టి అట్టవే, మూడూ కలిపితే దాదాపు వెయ్యి పేజీలు. వాటికి తోడు గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే మడతల అట్ట, డైస్, కథలో చోటు గీసుకునే చుట్టిన మ్యాట్, దానిమీద నిలబెట్టే పాత్రల బొమ్మలు, పెన్సిళ్లు, నీళ్ల సీసా, కొందరికి ల్యాప్‌టాప్ కూడా. జూన్‌లో ఒక సభ్యుడి సంచిని మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాం, 11 కిలోల పైచిలుకు తూగింది. అది వీపున వేసుకుని ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, హైటెక్ సిటీలో దిగి, ఆపైన నాలుగు గంటలు గాబ్లిన్ (కథల్లో వచ్చే చిన్న రాక్షసుడు) గొంతుతో మాట్లాడి, మళ్లీ అంత బరువుతోనూ ఇంటికి పోవాలి. ఎవరు మాత్రం ప్రతి వారం వస్తారు?

మొదట కోత పెట్టింది పుస్తకాలకి. ఐదో ఎడిషన్ ప్రాథమిక నియమాల పత్రాన్ని ప్రచురణకర్తలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు, కాబట్టి అందులోంచి ఆ రోజు ఎదురుపడే రాక్షసుల పేజీలు, ఆటగాళ్లు వాడే మంత్రాల పేజీలు ప్రింటు తీసుకుంటే చాలు. (పుస్తకాలకు పుస్తకాలే స్కాన్ చేసి గ్రూపులో పెట్టొద్దని మళ్లీ చెబుతున్నా, అది వేరే సంగతి.) అసలు పుస్తకాలు మనం ఆడే హాల్లోనే ఉంచేద్దామని హాలువాళ్లను అల్మారా అడిగాం, ఇచ్చారు. రెండు నెలలకే వాళ్ల సామాన్లు పెట్టుకోవాలని ఖాళీ చేయించారు. సరే.

జూలై వాన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జెల్ పెన్నుతో రాసుకున్న క్యారెక్టర్ షీట్లు (ఎవరి పాత్ర వివరాలు వాళ్లు రాసుకునే కాగితాలు) తడిసి, మూడు నెలలు కష్టపడి పెంచుకున్న మంత్రగాడి ప్రాణం ఎన్ని పాయింట్లో ఎవరికీ తెలియకుండా పోయింది, అతనేమో తనకు నచ్చిన అంకె చెప్పాడు, మనం నమ్మాం. అప్పటినుంచి షీట్ల మీద పెన్సిల్ తప్ప ఏదీ వద్దు, అవి బటన్ ఫోల్డర్‌లో తప్ప ఎక్కడా వద్దు.

మ్యాట్ కథ ఇంకోటి. వినైల్ మ్యాట్ మీద తడిగుడ్డతో చెరిగే మార్కరే వాడాలి, ఎర్ర రంగైతే అది కూడా పూర్తిగా పోదు. అతిథిగా వచ్చిన ఒకరు తెలియక పర్మనెంట్ మార్కర్‌తో దానిమీద నుయ్యి గీశారు. ఇప్పుడు మనం ఆడే ప్రతి ఊళ్లో, ప్రతి కోటలో, చివరికి ఓడ మీద కూడా సరిగ్గా అదే చోట ఒక నుయ్యి ఉంది. ఆ మ్యాట్‌కి బదులు ఇప్పుడు అంగుళం గడులు (గడి అంటే ఆటలో ఐదడుగులు) ప్రింటు చేసిన ఏ3 కాగితాలకు లామినేషన్ వేయించాం, నాలుగు పక్కపక్కన పేర్చితే కథలోని ఒక గదికి సరిపోతాయి, వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీసి రుమాలుతో తుడిచేయొచ్చు. చుట్టక్కర్లేదు, ఫైల్లో పడుకుంటాయి.

బొమ్మల దగ్గర నాకు నచ్చిన ఐడియా మన సభ్యురాలు ఒకావిడది. రంగులేసిన బొమ్మల కత్తులు సంచిలో విరిగిపోతున్నాయని వాటి అడుగున చిన్న అయస్కాంతాలు అంటించింది. ముందు స్టీలు క్యారియర్ గిన్నెల్లో నిలబెట్టబోతే అంటుకోలేదు, ఆ స్టీలు అయస్కాంతానికి లొంగే రకం కాదట. పాత బిస్కెట్ల రేకు డబ్బాలో మాత్రం గట్టిగా పట్టుకున్నాయి, తలకిందులు చేసినా ఊడలేదు. అవి కథానాయకుల కోసమే. గాబ్లిన్ల గుంపుకి అష్టాచెమ్మా పద్ధతిలో ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు చాలు: నల్లవైపు పైకుంటే బతికున్నట్టు, తెల్లవైపు తిప్పితే పోయినట్టు. ఇరవై మంది గాబ్లిన్లు చొక్కా జేబులో పడతారు. ఇంతకంటే తక్కువ బరువు సైన్యం నేను చూడలేదు.

డైస్‌కి మందుల షాపులో దొరికే వారం రోజుల మాత్రల డబ్బా. ఏడు అరలు, సెట్‌లో ఏడు డైస్, ఎవరో మనకోసమే చేసినట్టు ఉంది. పెద్ద సైజుది తీసుకోండి, చిన్నదాంట్లో ఇరవై ముఖాలది పట్టదు. లోహపు డైస్ తెచ్చేవాళ్లకు ఒక మనవి: బరువుకి బరువు, పైగా అవి పడి హాలు టేబుల్‌కి పడ్డ గుంటలకు సంఘమే డబ్బు కట్టింది.

సెప్టెంబర్ నుంచి మొత్తం సామాను నాలుగు సంచులుగా విడగొట్టి నలుగురికి ఇచ్చాం. మొదటి నెలలోనే బోల్తా పడ్డాం, డైస్ సంచి ఉన్నాయనకి జ్వరమొస్తే తొమ్మిది మందిమి డైస్ వేసే ఫోన్ యాప్ నొక్కుకుంటూ కూర్చున్నాం, అన్నిటికంటే పెద్ద అంకె ఇరవై పడ్డా ఎవరూ అరవలేదు. ఆ రోజు నుంచి ఏ సంచిలోనైనా ఒక పూర్తి డైస్ సెట్, నాలుగు పెన్సిళ్లు, రెండు లామినేషన్ కాగితాలు ఉండాల్సిందే. ఏ మూడు సంచులు వచ్చినా ఆట నడవాలి. ఇప్పుడు గేమ్ మాస్టర్ సంచి అదే కాటా మీద నాలుగు కిలోల లోపు తూగుతోంది, ముగ్గురు కొత్తవాళ్లు ఆడిస్తామని ముందుకొచ్చారు, జనవరి తర్వాత ఒక్క ఆదివారమే రద్దయింది, అదీ పండక్కి అందరూ ఊళ్లకి పోయి.

ఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు. లామినేషన్, రేకు డబ్బాలు, మాత్రల డబ్బాలు తప్ప కొత్తగా కొన్నదేం లేదు.

మూడో నంబరు సంచిలో ఎనిమిది ముఖాల నీలం డైస్ ఒకటి, చింతపిక్కలు ఆరు తగ్గాయి. పిక్కలు పోతే పోయాయి, డైస్ ఎవరి జేబులో ఉందో చూసుకుని వచ్చే ఆదివారం తెచ్చేయండి.