మ్యూనిక్ వద్దులే బుజ్జీ

బుజ్జీ,

నువ్వు పంపిన జర్మనీ యాత్ర లిస్టు చూశాను. నాలుగు రోజుల్లో హాంబుర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్, మ్యూనిక్! మ్యూనిక్ కొట్టెయ్. బెర్లిన్ నుంచి ఐసీఈ, అంటే అన్నిటికంటే వేగం రైలు ఎక్కినా నాలుగు గంటలు, పైగా ప్రాంతీయ రైళ్ళకే పనికొచ్చే నీ సెమిస్టర్ టికెట్ ఐసీఈలో చెల్లదు. చెల్లే రైళ్ళు మారుతూ పోతే రోజంతా కిటికీ పక్కనే గడిచిపోతుంది. హాంబుర్గ్ ఇంకో వారాంతానికి ఉంచుకో. నువ్వుండే మాగ్డెబుర్గ్ నుంచి బెర్లిన్, అక్కణ్ణుంచి డ్రెస్డెన్, లైప్‌జిగ్, తిరిగి మాగ్డెబుర్గ్. గుండ్రంగా తిరిగొచ్చే దారి ఇది. వెళ్ళిన పట్టాల మీదే వెనక్కి రానక్కర్లేదు.

ఊళ్ళ కంటే ముందు వారాలు చూసుకో. అక్కడ ప్లాన్ చెడేది ఎక్కువగా వారాల దగ్గరే. బెర్లిన్‌లో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు. డ్రెస్డెన్‌లో స్వింగర్ చిత్రశాలకి సోమవారం, పక్కనే ఉన్న రాజకోటకి మంగళవారం. లైప్‌జిగ్ తోమాస్ చర్చిలో పిల్లల బృందం పాడేది శుక్రవారం సాయంత్రం ఆరింటికి, శనివారం మధ్యాహ్నం మూడింటికి. అందుకని మంగళవారం క్లాసు అయ్యాక బయల్దేరు. బుధ, గురు బెర్లిన్, శుక్రవారం డ్రెస్డెన్, శనివారం లైప్‌జిగ్ చూసి రాత్రికి గదికి చేరిపో.

బెర్లిన్‌కి ఆర్ఈ1 అనే ప్రాంతీయ రైలు ఉంది, గంటా ముప్పావు లోపే. నీ టికెట్ చెల్లుతుంది, ముద్ర కొట్టించే పని లేదు. నీతో వచ్చే అమ్మాయికి ఆ టికెట్ లేకపోతే బెర్లిన్‌లో ఊరంతా తిరగడానికి సరిపోయే ఏబీ జోన్ల రోజు టికెట్ కొనమను, మెషీన్లో తీసిన కాగితం టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది చిన్న డబ్బాలో పెట్టి ముద్ర వేయించమను. ముద్ర లేని టికెట్ జేబులో ఉన్నా 60 యూరోల జరిమానా తప్పదు. నీ టికెట్ ఫోన్లో ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్ మర్చిపోకు. స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డూ అడుగుతారు.

రైష్‌టాగ్ (పార్లమెంటు భవనం) గాజు గుమ్మటం ఎక్కడం ఉచితం, కానీ పార్లమెంటు సైట్లో ముందే పేర్లు, పుట్టిన తేదీలు ఇచ్చి సమయం తీసుకోవాలి. పాస్‌పోర్టు ఒరిజినల్ పట్టుకెళ్ళు. రాత్రి వేళ స్లాట్ దొరికితే అదే తీసుకో, పగలు మ్యూజియాలకి మిగులుతుంది. పెర్గమాన్ మ్యూజియం కోసం వెతక్కు, 2023 అక్టోబరు నుంచి మరమ్మతులకి పూర్తిగా మూసేశారు. పక్కనే నోయెస్ మ్యూజియంలో ఈజిప్టు రాణి నెఫెర్టీటీ శిల్పం ఉంది, టికెట్ సమయంతో సహా ముందే బుక్ చేసుకో. ఆ ఒక్క గదిలో ఫొటోలు తీయనివ్వరు.

బెర్లిన్ గోడ చూడాలంటే, ఒకప్పుడు సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీకి వెళ్ళకు. అక్కడున్న కాపలా గుడిసె నకలు, చుట్టూ టోపీలమ్మే కొట్లు. ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో నోర్డ్‌బాన్‌హోఫ్ దిగి బెర్నావర్ వీధి వెంట నడువు. గోడ కూల్చేసిన చోట తుప్పురంగు ఇనుప కడ్డీలు వరసగా పాతారు. వాటికి ఎదురుగా నిలబడితే గోడలా కనిపిస్తాయి, పక్కకి జరిగితే సందుల్లోంచి అవతలి వీధి కనిపిస్తుంది. డాక్యుమెంటేషన్ సెంటర్ మేడ మీదికెక్కితే రెండు గోడలూ, మధ్యలో ఇసుక పరిచిన కాపలా జాగా, టవరూ అప్పట్లో ఉన్నట్టే కనిపిస్తాయి. దేనికీ టికెట్ లేదు. రెండు గంటలు పెట్టుకో.

శుక్రవారం డ్రెస్డెన్ ప్రయాణంలో కాస్త లెక్క వేసుకోవాలి. ఎల్‌స్టర్‌వెర్డాలో మారుతూ నీ టికెట్ మీదే పోవచ్చు, కానీ సుమారు మూడు గంటలు. ప్రాగ్ వైపు పోయే ఈసీ అనే దూరప్రయాణ రైలు అయితే రెండు గంటల్లో దింపుతుంది, దానికి వేరే టికెట్ కొనాలి. కొన్ని వారాల ముందే కొంటే సూపర్ స్పార్‌ప్రైస్ అనే టికెట్ చవగ్గా దొరుకుతుంది. అయితే అది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు. రైలే ఆలస్యమై నువ్వు 20 నిమిషాలో అంతకు మించో ఆలస్యంగా చేరేలా ఉంటే ఆ కట్టుబాటు పోతుంది, ఇంకో రైలెక్కచ్చు. 60 నిమిషాలు ఆలస్యమైతే చార్జీలో పాతిక శాతం, 120 అయితే సగం తిరిగిస్తారు. చాలామంది దెబ్బతినేది ఇంకోచోట. మాగ్డెబుర్గ్ నుంచి సెమిస్టర్ టికెట్ మీద వచ్చి, ఆ ఆర్ఈ ఆలస్యమై ఈసీ తప్పిపోతే నష్టం నీదే, రెండూ వేర్వేరు టికెట్లు కదా. నువ్వు బెర్లిన్‌లో నిద్రలేచి ఎక్కుతున్నావు కాబట్టి ఆ బెంగ లేదు. స్టేషన్‌కి మాత్రం ఇరవై నిమిషాల ముందుండు. నిన్ను దింపిన ఆర్ఈ1 పై అంతస్తులో 11 నుంచి 16 ప్లాట్‌ఫారాల వైపు ఆగుతుంది, డ్రెస్డెన్ బండి కింద 1 నుంచి 8 వైపు. మధ్యలో లిఫ్టుల దగ్గరే పది నిమిషాలు పోతాయి. అదే రైలు ప్రాగ్‌దాకా పోతుంది కదా అని కొనసాగించకు, అది వేరే దేశం, నీ రెసిడెన్స్ కార్డు ఇంకా చేతికి రాలేదు.

డ్రెస్డెన్‌లో హాస్టల్ నోయ్‌స్టాట్ వైపు తీసుకో. ఆగస్టస్ వంతెన మీదుగా నడిచొస్తే పాత ఊరు మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో కరోలా వంతెనలో కొంత కూలిపోయింది, కాబట్టి పాత గైడ్లలోని ట్రామ్ నంబర్లు నమ్మకు.

నేరుగా రాజకోటకే వెళ్ళు. అక్కడ గ్రీన్ వాల్ట్‌లు, అంటే రాజుల ఖజానా గదులు, రెండున్నాయి. చారిత్రక వాల్ట్‌కి సమయం రాసిన టికెట్ వేరు, అది అయిపోయిందని చాలామంది తిరిగొచ్చేస్తారు. నీకు కావలసింది కొత్త వాల్ట్. కోట మామూలు టికెట్ మీదే పోవచ్చు. డ్రెస్డెన్ గ్రీన్ అక్కడే ఉంది, 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని పరిశోధకులు చాలామంది అంటారు. టోపీకి పెట్టుకునే ఆభరణంలో తెల్ల వజ్రాల మధ్య పొదిగారు. భూమిలో ఉండగా తగిలిన సహజ రేడియేషన్ వల్ల ఆ రంగొచ్చింది. 2019 నవంబరులో చారిత్రక వాల్ట్‌లో దొంగలు పడ్డప్పుడు ఇది న్యూయార్క్‌లో ప్రదర్శనకి వెళ్ళి ఉంది. కొత్త వాల్ట్‌లోనే డింగ్లింగర్ అనే కంసాలి 1701 నుంచి 1708 దాకా చేసిన ఔరంగజేబు దర్బారు ఉంది. పుట్టినరోజు కానుకలు మోసుకొస్తున్న నూటముప్పైకి పైగా బుల్లి బొమ్మలు, అన్నీ బంగారం, ఎనామెల్, వజ్రాలే. గోల్కొండని పట్టుకున్న పాదుషాని, ఇండియా మొహం చూడని ఆ కంసాలి ఊహించిన తీరు చూడాలి. అరగంట అక్కడే నిలబడు. వీపు సంచికి లాకర్ వాడాలి, నాణేలు దగ్గరుంచుకో. ఫ్రావెన్‌కిర్షె గోడల్లో నల్లగా కనిపించే రాళ్ళు 1945 బాంబుదాడి శిథిలాల్లోంచి ఏరినవి, చర్చిని 2005లో మళ్ళీ తెరిచారు. 102 మీటర్ల పింగాణీ పలకల మీద రాజుల ఊరేగింపు బొమ్మ దారిలోనే తగుల్తుంది.

శనివారం పొద్దున్నే నోయ్‌స్టాట్ స్టేషన్లోనే ఆర్ఈ50 ఎక్కు, మెయిన్ స్టేషన్‌దాకా పోనక్కర్లేదు. గంటన్నర పైచిలుకు ప్రయాణం. లైప్‌జిగ్‌లో సామాను స్టేషన్ లాకర్లో పడేసి ముందు నికొలాయ్ చర్చికి వెళ్ళు. 1989 అక్టోబరు 9న తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా డెబ్భైవేలమంది రోడ్డెక్కింది ఆ సోమవారం ప్రార్థనల నుంచే. తర్వాత తోమాస్ చర్చి. మూడింటి పాటకి ముప్పావుగంట ముందే తలుపు దగ్గరుండు, కార్యక్రమం కాగితం కొంటే అదే టికెట్. స్కూలు సెలవుల్లో ఆ పిల్లలు పాడరు, తేదీ చూసుకో. సంగీతకారుడు బాఖ్ 1723 నుంచి చనిపోయేదాకా పనిచేసింది ఇక్కడే, సమాధి కూడా లోపలే ఉంది.

తిరుగు ప్రయాణం ఆర్ఈ13, దెస్సావ్ మీదుగా. శని, ఆదివారాల్లో పట్టాల పని ఉంటే రైలు బదులు బస్సు వేస్తారు, రైల్వే ఆప్‌లో ఎస్ఈవీ అని కనిపిస్తుంది. మూడు రోజుల ముందు ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి చూడు. ఆప్‌లో ప్రాంతీయ రైళ్ళు మాత్రమే చూపించే మీట నొక్కి ఉంచు, లేకపోతే నీ టికెట్ చెల్లని ఐసీ రైలు చూపిస్తుంది, నువ్వు అలవాటుగా ఎక్కేస్తావు.

మాగ్డెబుర్గ్ చేరేసరికి కొట్లు మూసేసి ఉండచ్చు, ఆదివారం ఎలాగూ తెరవరు. లైప్‌జిగ్ స్టేషన్లోనే సూపర్‌మార్కెట్ ఉంది. పాలు, పెరుగు, బ్రెడ్డు అక్కడే కొనుక్కుని రైలెక్కు.

నాన్న