నష్టం ఎవరిదో, సాయం వారికే

సంపాదకుల వారికి,

కరోనా కాలంలో అమెరికా గ్రామీణ కౌంటీల్లోని (మన జిల్లాల వంటివి) రైతులకు అక్కడి ప్రభుత్వం చెల్లించిన సొమ్ము గురించి మాట వచ్చినప్పుడల్లా వాళ్లు ఎంత ఇచ్చారు, మనవాళ్లు ఎంత ఇచ్చారు అన్న లెక్క దగ్గరే మనం ఆగిపోతున్నాం. కృష్ణా డెల్టాలో కౌలు సేద్యం చేసిన ఇంట్లో పుట్టినందువల్ల కాబోలు, ఎంత ఇచ్చారన్నదానికంటే ఎవరి పేరున ఇచ్చారన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

2020 ఏప్రిల్‌లో అప్పటి అమెరికా వ్యవసాయ మంత్రి సన్నీ పెర్డ్యూ ప్రకటించిన 1,900 కోట్ల డాలర్ల సాయంలో 1,600 కోట్లు నేరుగా రైతులకు ఉద్దేశించినవి. హోటళ్లు, బడులు మూతపడి పాడి రైతులు పాలను పారబోసుకున్న రోజులవి. కార్మికులకు కరోనా సోకి మాంసం కర్మాగారాలు ఆగిపోవడంతో, పెంచిన పందులను పెంపకందారులే చంపుకోవలసిన దుస్థితి కూడా వచ్చింది. మే 26 నుంచి అక్కడి వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి చెందిన స్థానిక కార్యాలయాలు దరఖాస్తులు తీసుకున్నాయి. పంట పండించడంలోని నష్టభయాన్ని పంచుకుని, అమ్మకానికి వచ్చే పంటలో వాటా ఉన్నవారే ఈ సాయానికి అర్హులని నిబంధన పెట్టారు. అందువల్ల పొలాన్ని నగదు కౌలుకు ఇచ్చి తన అద్దె తాను తీసుకునే యజమానికి అందులో భాగం లేదు. ఆ పొలం దున్నిన కౌలుదారుకే చెల్లింపు. సాగుభూమిలో దాదాపు 40 శాతం కౌలు మీదే నడిచే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ పథకంలో లోపాలు లేవని నేను అనడం లేదు. సరుకు పరిమాణాన్ని బట్టి లెక్కగట్టడంతో, మనిషికి 2,50,000 డాలర్ల గరిష్ఠ పరిమితి ఉన్నప్పటికీ, పెద్ద కమతాలకే పెద్ద మొత్తాలు వెళ్లాయి. కంపెనీల కోళ్లను ఒప్పందం మీద పెంచే రైతులకైతే, కోళ్లు వారి సొంతం కావన్న కారణంతో మొదట ఏమీ దక్కలేదు. షెడ్ల కోసం తెచ్చిన అప్పు వాళ్లది, కోడిపిల్లలు రాక ఖాళీగా గడిచిన నెలల నష్టం వాళ్లది. 2020 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, ఒప్పంద పెంపకందారులకూ పడిపోయిన ఆదాయంలో 80 శాతం వరకు చెల్లించేందుకు వీలు కల్పించింది. ఆలస్యంగానైనా ఆ తప్పు దిద్దుకున్నారు.

మన దగ్గర 2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన 2,000 రూపాయలు అప్పటికే ఉన్న పీఎం కిసాన్ పథకం వాయిదాయే. అది భూమి హక్కు ఉన్న కుటుంబానికే అందుతుంది. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కొన్ని వర్గాల భూమిలేని కౌలుదారులను చేర్చుకున్నది గాని, 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని భయపడే యజమానిని బతిమాలి వచ్చే ఏడాది కౌలు కూడా పోగొట్టుకోవడం కంటే, పత్రం లేకుండానే ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాట మీద చేలోకి దిగే కౌలుదార్లే మా ప్రాంతంలో ఎక్కువ. 2020 వేసవిలో కొనేవారు లేక కూరగాయల తోటలను దున్నేసుకున్న వారిలో ఇటువంటి వారు ఎందరో ఉన్నారు.

ఏ పొలంలో ఏ పంట ఉందో, ఎవరు వేశారో చేలోకి వెళ్లి రాసుకునే ఈ-క్రాప్ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఉంది. తెలంగాణలో విస్తరణాధికారులు పంటల నమోదు చేస్తున్నారు. విపత్తు సాయానికి యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా ఆ నమోదునే ఆధారం చేసుకుంటూ, కౌలుదారు పేరును గ్రామసభలో చదివి ఖరారు చేసే విధంగా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఈ ఖరీఫ్‌కు ముందే ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కౌలు రైతు బిడ్డ,
తెనాలి